మన ఒంటికి అరగంట

వాకాడు నెల్లూరు సముద్ర తీరంలోని ఊరు. పక్కనే స్వర్ణముఖి నది. నది మీద బ్యారేజి. తూర్పున సముద్రం. చుట్టూ వరి చేలు, రొయ్యల గుంటలు.

ఈ ఊళ్ళో, చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళకు పని లేని రోజు లేదు. తెల్లారక ముందే లేస్తారు. వాకిలి చిమ్ముతారు. వంట చేస్తారు. పిల్లల్ని బడికి పంపుతారు. ఆ తర్వాత కూలికో, పొలానికో, అంగడికో పోతారు.

"ఇంత పని చేస్తుంటే మళ్ళీ వ్యాయామం ఏంది?" అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ముందు దానికే జవాబు చూద్దాం.

పని ఉంది, కదలిక తగ్గింది

పాత రోజుల్లో ఆడవాళ్ళు బావిలో నీళ్ళు చేదేవాళ్ళు. ఏటి ఇసుకలో చెలమ తీసి, బిందెలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు. రోకళ్ళతో వడ్లు దంచేవాళ్ళు. రుబ్బురోట్లో పిండి రుబ్బేవాళ్ళు. పొరుగూరికి నడిచే పోయేవాళ్ళు.

ఇప్పుడు కొళాయి వచ్చింది. మిక్సీ వచ్చింది. గ్యాసు పొయ్యి వచ్చింది. వీధి చివరికి ఆటో వచ్చింది. ఇది మంచి మార్పే. ఆ చాకిరీ మళ్ళీ రావాలని ఎవ్వరూ కోరుకోరు. అయితే ఒంటికి ఉండిన కదలిక కూడా దాంతో పోయింది. తిండి మాత్రం అప్పటి లెక్కనే ఉంది. మూడు పూటలా అన్నమే.

ఇప్పుడు ఆడవాళ్ళ పని మూడు రకాలుగా ఉంది.

ఒకటి: రోజంతా కూర్చుని చేసే పని. కుట్టు మిషను, అంగడి, ఆఫీసు పని ఇలాంటివి. వీళ్ళకు నడక చాలా అవసరం.

రెండు: రోజంతా వంగి, లేదా నిలబడి చేసే పని. నాట్లు, కలుపు, రొయ్యల షెడ్డు పని ఇలాంటివి. ఇందులో ఒక్క తీరు కదలికే ఉంటుంది. నడుము ఒకే వైపు వంగుతుంది. కాళ్ళు ఒకే చోట ఉంటాయి. వీళ్ళకు ఇంకా కష్టపడటం కాదు, వంగిన నడుమును సాగదీయడం అవసరం.

మూడు: ఇంటి పని. ఇది తెగదు. కానీ రెండు నిమిషాలు నడక, పది నిమిషాలు నిలబడటం అన్నట్టు ముక్కలుగా ఉంటుంది. గుండెకు ఊపిరికి పని తగిలేంతగా ఉండదు.

కదలిక ఒంటికి ఎంత మేలు చేస్తుందో లండన్ నగరంలో ఒక డాక్టరు లెక్క తీశాడు. ఆయన పేరు జెరెమీ మోరిస్. అక్కడ రెండంతస్తుల బస్సులు ఉండేవి. డ్రైవరు రోజంతా కూర్చుని ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజంతా మెట్లు ఎక్కి దిగుతాడు. బస్సు ఒకటే, ఊరు ఒకటే. అయినా కండక్టర్లకు గుండెపోటు తక్కువగా వచ్చింది. ఈ సంగతి 1953లో అచ్చయింది. ఆ తర్వాత ప్రపంచమంతా ఇలాంటి పరిశోధనలు ఎన్నో జరిగాయి. కదిలే ఒంటికి గుండె జబ్బు, షుగరు, బి.పి. తక్కువగా వస్తాయని తేలింది. నిద్ర బాగా పడుతుందని, దిగులు తగ్గుతుందని కూడా తేలింది.

అక్క, చెల్లెలు మాట్లాడుకున్నారు

చెల్లెలు: అక్కా, పొద్దున్నే యాడికి పోయొస్తుండావు?

అక్క: నడకకు పోయొస్తుండా చెల్లెలా. షుగరు ఉండాదని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు మింగమనింది. దాంతో పాటు నడవమనింది.

చెల్లెలు: నడిస్తే షుగరు పోతుందా?

అక్క: పోదు. అదుపులోకి వస్తుంది. నడిచేటప్పుడు కండలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయంట. మాత్రలు మాత్రం మానకూడదంట.

చెల్లెలు: నాకేం జబ్బు లేదు గదక్కా. నాకెందుకు?

అక్క: నాకూ లేదనే అనుకున్నా. పరీక్ష చేయించేదాకా తెలవలా.

చెల్లెలు: మా ఇంట్లో ఒప్పుకోరక్కా. "ఈ వయసులో నీకిదేం సోకు" అంటారు.

అక్క: మా ఇంట్లో కూడా అట్టే అన్నారు. నేను మంచాన పడితే అందరికీ వండి పెట్టేది ఎవరని అడిగా. ఇంకేం మాట్లాడలా. ఇప్పుడు నేను పొయ్యొచ్చేలోగా మీ బావే టీ కాస్తుండాడు.

చెల్లెలు: (నవ్వి) అట్టైతే నేనూ వస్తానక్కా. రేపు ఎన్ని గంటలకు?

అక్క: ఉండు చెల్లెలా. ముందు ఏ.ఎన్.ఎం. అమ్మ దగ్గరికి పోదాం. బి.పి., షుగరు, రక్తం చూపించుకో. ఆ తర్వాత నడుద్దాం.

అక్క చెప్పింది సరైన మాట. తొందరపడి మొదలు పెట్టకూడదు.

ముందు పరీక్ష, తర్వాత నడక

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు మెల్లగా నడవడానికి ఎవర్నీ అడగక్కరలేదు. అయితే 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ బి.పి., షుగరు చూపించుకోవాలి. ఇవి ఉన్నా చాలాకాలం పైకి తెలియవు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్షలకు డబ్బు తీసుకోరు. ఏ.ఎన్.ఎం.ను గానీ, ఆశా కార్యకర్తను గానీ అడిగితే చెబుతారు.

రక్తం పరీక్ష కూడా ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 100 మందికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. గర్భం లేని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. అది బాగా తగ్గితే నాలుగడుగులు వేయగానే ఆయాసం వస్తుంది. గుండె దడదడలాడుతుంది. అలాంటప్పుడు "నా వల్ల కాదు" అని మానేస్తారు. "బద్ధకం" అని పక్కవాళ్ళు అంటారు. అది బద్ధకం కాదు. రక్తం తక్కువ. ముందు ఐరన్ మాత్రలు వాడాలి. ఆకుకూరలు, పప్పులు, గుడ్లు, చేపలు తినాలి. నడక మెల్లగా మొదలు పెట్టాలి.

కింది వాళ్ళు డాక్టరును అడిగాకే మొదలు పెట్టాలి.

1. గుండె జబ్బు ఉన్నవాళ్ళు. నడిస్తే ఛాతీ పట్టేసే వాళ్ళు. కళ్ళు తిరిగి పడిపోయిన వాళ్ళు.

2. బి.పి. పై అంకె 180, కింది అంకె 110 దాటిన వాళ్ళు.

3. షుగరుకు ఇన్సులిన్ గానీ, మాత్రలు గానీ వాడేవాళ్ళు.

4. గర్భిణులు. ఏ ఇబ్బందీ లేకుంటే గర్భిణులకు నడక మంచిదే. కానీ అడిగి చేయాలి.

5. కాన్పు అయిన వాళ్ళు, కడుపు కోసి బిడ్డను తీసిన వాళ్ళు, గర్భసంచి తీసేసిన వాళ్ళు. ఆపరేషను అయ్యాక దాదాపు ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు.

గర్భసంచి తీసేసిన ఆడవాళ్ళు మన ప్రాంతంలో ఎక్కువ. 2015-16 సర్వేలో దేశంలో అన్నిటికంటే ఎక్కువ శాతం ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో కనిపించింది. చిన్న వయసులో గర్భసంచి పోతే, అందులోనూ అండాశయాలు కూడా తీసేస్తే, ఎముకలు తొందరగా గుల్లబారతాయి. ఇలాంటి వాళ్ళకు నడక, కండలకు బలమిచ్చే వ్యాయామం రెండూ అవసరం.

ఎంత నడవాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక లెక్క చెప్పింది. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి ఒక మోస్తరు పని చెప్పాలి. రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు.

30 × 5 = 150

అంత కుదరకపోతే? కుదిరినంత చేయాలి. అసలు చేయనిదాని కన్నా కొంచెం చేసినా మేలే. ఈ మాట కూడా ఆ సంస్థే చెప్పింది. అరగంట ఒకేసారి కుదరకపోతే పొద్దున 15 నిమిషాలు, సాయంత్రం 15 నిమిషాలు నడవవచ్చు.

మొదటి రోజే అరగంట నడవకూడదు. ఒళ్ళు నొప్పులు వస్తాయి. నాలుగో రోజు మానేస్తారు. పసిబిడ్డకు అన్నం అలవాటు చేసినట్టు మెల్లగా అలవాటు చేయాలి.

1వ వారం: రోజుకు 10 నిమిషాలు.
2వ వారం: రోజుకు 15 నిమిషాలు.
3వ వారం: రోజుకు 20 నిమిషాలు.
4వ వారం: రోజుకు 25 నిమిషాలు.
5వ వారం: రోజుకు 30 నిమిషాలు.

పెద్ద వయసు వాళ్ళు, జబ్బు పడి లేచిన వాళ్ళు ఒక్కో మెట్టు మీద రెండు వారాలు ఉండవచ్చు. తప్పు లేదు.

మొదటి మూడు నిమిషాలు మెల్లగా నడవాలి. తర్వాత చురుగ్గా నడవాలి. చివరి మూడు నిమిషాలు మళ్ళీ మెల్లగా నడవాలి. ఒక్కసారిగా ఆగిపోకూడదు.

చురుగ్గా అంటే ఎంత? దానికి గడియారం అక్కరలేదు. నడుస్తూ పక్కామెతో మాట్లాడగలగాలి. కానీ పాట పాడలేకపోవాలి. పాట హాయిగా పాడగలిగితే ఇంకొంచెం వేగం పెంచవచ్చు. రెండు మాటలకే ఆయాసం వస్తే వేగం తగ్గించాలి.

ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా నడవాలి?

వాకాడు ప్రాంతంలో ఎండకు ఉక్క తోడు. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది, ఆరదు. ఒళ్ళు చల్లబడదు. అందుకే ఎండాకాలంలో, అందులోనూ రోహిణి కార్తెలో, ఏడు గంటల లోపే నడక ముగించాలి. నడవక ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగాలి. వచ్చాక నీళ్ళో, మజ్జిగో తాగాలి.

మరీ చీకట్లో నడవకూడదు. గట్ల మీద పాములు తిరుగుతాయి. వీధుల్లో కుక్కలు ఉంటాయి. వెలుగు వచ్చాక బయలుదేరాలి. చీకటి ఉంటే టార్చిలైటు, చేతికర్ర ఉండాలి. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి పోవాలి. కుక్క కరిస్తే ఆ చోటును సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి.

రోడ్డు మీద నడిచేటప్పుడు కుడి పక్కన నడవాలి. అప్పుడు ఎదురుగా వచ్చే లారీ కనిపిస్తుంది. వెనక నుంచి వచ్చే బండికి భయపడక్కరలేదు.

సముద్రం దగ్గరి పల్లెల వాళ్ళు ఒడ్డున నడవవచ్చు. మెత్తటి ఇసుకలో కాలు దిగబడుతుంది. పిక్కలు తొందరగా నొప్పి పుడతాయి. కొత్తవాళ్ళు నీళ్ళ అంచున గట్టిగా ఉన్న తడి ఇసుక మీద నడవాలి.

చెప్పులు కాలికి సరిపోవాలి. జారిపోయే చెప్పులు పనికిరావు. మడమ వెనక పట్టీ ఉన్నవి మంచివి. షుగరు ఉన్నవాళ్ళు ఉత్త కాళ్ళతో అసలు నడవకూడదు. ముల్లు గుచ్చుకున్నా వాళ్ళకు తెలియకపోవచ్చు. ఇంటికి రాగానే పాదాలు, వేళ్ళ సందులు చూసుకోవాలి. చీర కాళ్ళకు అడ్డం పడకుండా కాస్త పైకి కట్టుకోవాలి.

షుగరు మాత్రలు వేసుకునే వాళ్ళు పరగడుపున ఎక్కువ సేపు నడవకూడదు. ఏదైనా కొంచెం తిని నడవాలి. కొంగున చక్కెర పొట్లమో, బెల్లం ముక్కో కట్టుకోవాలి. చెమట పట్టి, చేతులు వణికి, కళ్ళు మసకబారితే వెంటనే నోట్లో వేసుకుని కూర్చోవాలి. వీళ్ళకు భోజనం తర్వాత మెల్లగా 10, 15 నిమిషాలు నడవడం చాలా మంచిది. తిన్నాక పెరిగే చక్కెర తగ్గుతుంది.

బలం కోసం నాలుగు వ్యాయామాలు

నడక గుండెకు మంచిది. కండలకు బలం కూడా కావాలి. వారానికి రెండు రోజులు ఈ వ్యాయామాలు చేయాలి. ఇంట్లోనే చేయవచ్చు. డబ్బు ఖర్చు లేదు.

1. కుర్చీ మీద కూర్చుని లేవడం. కుర్చీని గోడకు ఆనించాలి. చేతులు ఆనించకుండా లేవాలి. మెల్లగా కూర్చోవాలి. మొదట 5 సార్లు. తర్వాత 10 సార్లు. దీంతో తొడలకు బలం వస్తుంది. తొడకు బలం వస్తే మోకాలికి భారం తగ్గుతుంది.

2. గోడను నెట్టడం. గోడకు చేయి దూరంలో నిలబడాలి. రెండు అరచేతులు గోడకు ఆనించాలి. మోచేతులు వంచి ఛాతీని గోడ దగ్గరికి తేవాలి. మళ్ళీ వెనక్కి నెట్టాలి. 10 సార్లు.

3. మడమలు ఎత్తడం. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవాలి. మెల్లగా దిగాలి. 10 సార్లు. తర్వాత ఒంటికాలి మీద 10 లెక్కపెట్టే దాకా నిలబడాలి. పెద్దవాళ్ళు తూలి పడకుండా ఇది కాపాడుతుంది.

4. నడుము ఎత్తడం. చాప మీద వెల్లకిలా పడుకోవాలి. మోకాళ్ళు మడవాలి. నడుమును, పిరుదులను పైకి ఎత్తాలి. 5 లెక్కపెట్టి దించాలి. 5 నుంచి 10 సార్లు. నాట్లు వేసి, కలుపు తీసి వంగిపోయిన నడుముకు ఇది మందు లాంటిది.

ఏ వ్యాయామం చేసేటప్పుడూ ఊపిరి బిగపట్టకూడదు.

బరువులు, బలం మగవాళ్ళకే అని కొందరు అంటారు. శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 కిలోలు ఒకసారి, 130 కిలోలు ఒకసారి ఎత్తింది. కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. అందరూ అంత బరువు ఎత్తక్కరలేదు. బియ్యం మూట దించుకునే బలం, మనవడిని ఎత్తుకునే బలం ఉంటే చాలు.

ఎవ్వరికీ చెప్పుకోని ఇబ్బంది

కాన్పులు అయిన ఆడవాళ్ళలో చాలామందికి దగ్గినా, తుమ్మినా, వేగంగా నడిచినా కొంచెం మూత్రం పడుతుంది. సిగ్గుతో ఎవ్వరికీ చెప్పరు. నడక మానేస్తారు. పెళ్ళిళ్ళకు పోవడం కూడా మానేస్తారు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాన్పులో కటి కింది కండలు వదులవుతాయి. వాటిని మళ్ళీ బిగించవచ్చు. ఈ వ్యాయామాన్ని 1948లో కెగెల్ అనే అమెరికా డాక్టరు వివరంగా రాశాడు.

మూత్రం ఆపుకునేటప్పుడు ఏ కండలు బిగుస్తాయో గమనించాలి. కూర్చుని గానీ, పడుకుని గానీ ఆ కండలను బిగించాలి. 5 లెక్కపెట్టాలి. వదలాలి. మళ్ళీ 5 లెక్కపెట్టాలి. ఇలా 10 సార్లు. రోజుకు మూడు పూటలా చేయాలి. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయకూడదు. కూర చిక్కబడే దాకా పొయ్యి దగ్గర నిలబడి చేసినా ఎవరికీ తెలియదు. గుణం కనపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. తగ్గకపోతే, లేదా గర్భసంచి కిందికి జారినట్టు అనిపిస్తే డాక్టరమ్మకు చూపించాలి.

ఏ నొప్పి మంచిది? ఏ నొప్పి చెడ్డది?

కొత్తగా మొదలు పెట్టిన వాళ్ళకు మర్నాడు పిక్కలు, తొడలు నొప్పి పుడతాయి. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. దీనికి భయపడక్కరలేదు. ఆ రోజు మెల్లగా నడిస్తే సరిపోతుంది.

కీలు వాచినా, వేడిగా ఉన్నా, కాలు మోపలేకపోయినా ఆపాలి. చూపించుకోవాలి.

మోకాళ్ళు అరిగాయి కాబట్టి నడవకూడదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తగుమాత్రం నడకతో, తొడల వ్యాయామంతో మోకాలి నొప్పి తగ్గుతుంది.

కింది గుర్తులు కనపడితే వెంటనే ఆగి కూర్చోవాలి.

- ఛాతీలో నొప్పి, బిగపట్టినట్టు ఉండటం.
- నొప్పి చేతికో, దవడకో, వీపుకో పాకడం.
- చల్లటి చెమటలు.
- ఆగినా తగ్గని ఆయాసం.
- కళ్ళు తిరగడం.

ఆడవాళ్ళకు గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీ నొప్పితో పాటు వికారం, వీపు నొప్పి, అంతులేని నీరసం కనిపించవచ్చు. ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండా ఇవే రావచ్చు. "గ్యాసు" అని సోడా తాగి పడుకోకూడదు. 108కి ఫోను చేయాలి.

మొదలు పెట్టడం తేలిక, నిలుపుకోవడం కష్టం

2025 జూన్ 21న విశాఖపట్నం సముద్రం ఒడ్డున లక్షల మంది ఒకేసారి యోగా చేశారు. చూడటానికి పండగలా ఉంది. కానీ ఒంటికి మేలు జరిగేది ఆ ఒక్క రోజుతో కాదు. జూన్ 22న, 23న, ఆ తర్వాత కూడా చేసిన వాళ్ళకే మేలు.

రోజూ కొంచెం కొంచెం చేసి నిలుపుకోవడం నెల్లూరు ఆడవాళ్ళకు కొత్త కాదు. 1990ల మొదట్లో వాళ్ళు రాత్రి బడిలో లాంతరు దగ్గర కూర్చుని రోజుకు కొన్ని అక్షరాలు నేర్చుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి ముందు కలిసి నిలబడ్డారు. ఊరూరా అదే జరిగింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఆ ఆడవాళ్ళే రోజుకు ఒక్క రూపాయి దాచారు. దానికి పొదుపులక్ష్మి అని పేరు వచ్చింది. ఒక్క రూపాయితో ఏమవుతుందని నవ్విన వాళ్ళు ఉన్నారు. నెలకు 30 రూపాయలు అయింది. ఏడాదికి 365 అయింది. సంఘం అయింది.

నడక కూడా అట్లాంటి పొదుపే. రోజూ కొంచెం. ఒక్కరుగా కాదు, కలిసి. లెక్క రాసి.

నిలుపుకోవడానికి అయిదు దారులు:

1. పాత పనికి కొత్త పనిని ముడి వేయాలి. "కుదిరినప్పుడు నడుస్తా" అనుకుంటే కుదరదు. "పిల్లలు బడికి పోగానే", "పాలు పోసి రాగానే" అనుకోవాలి.

2. తోడు చూసుకోవాలి. ఒకరు రాకపోతే ఇంకొకరు వాకిట్లో నిలబడి పిలవాలి. పొదుపు సంఘంలో పది మంది ఉంటే అయిదుగురైనా కలవవచ్చు.

3. రాసుకోవాలి. గోడ మీది క్యాలెండరులో నడిచిన రోజుకు గీత పెట్టాలి. పక్కన నిమిషాలు వేయాలి. చదువు నేర్చినందుకు ఇదొక లాభం.

4. ఇంట్లో పని పంచుకోవాలి. అరగంట గాలిలోంచి రాదు. ఆ అరగంట వాకిలి ఎవరు చిమ్ముతారు? టీ ఎవరు కాస్తారు? ఈ మాట ముందే ఇంట్లో తేల్చుకోవాలి. తల్లి ఆరోగ్యం ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయం.

5. ఒక రోజు తప్పినా దిగులు పడకూడదు. లండన్‌లో జరిగిన ఒక పరిశోధన 2009లో అచ్చయింది. కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని అందులో తేలింది. కొందరికి 18 రోజులే పట్టింది. ఇంకొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. కాబట్టి తప్పిన మర్నాడు మళ్ళీ బయలుదేరాలి.

నెల్లూరు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు. అప్పుడు బయట నడక కుదరదు. ఇంట్లో నాలుగు వ్యాయామాలు చేయాలి. వసారాలో అటూ ఇటూ నడవాలి. నాట్ల కాలంలో రోజంతా బురదలో పని చేసిన వాళ్ళు నడక మానవచ్చు. రాత్రి పడుకునే ముందు నడుము ఎత్తే వ్యాయామం చేసి, కాళ్ళు సాగదీసుకుంటే చాలు. జ్వరం వచ్చినప్పుడు నడవకూడదు. తగ్గాక సగం నిమిషాలతో మళ్ళీ మొదలు పెట్టాలి.

బరువు సంగతి కూడా తెలుసుకోవాలి. అరగంట నడకకు ఖర్చయ్యే శక్తి దాదాపు రెండు ఇడ్లీల పాటి. కాబట్టి నెలలో సన్నబడాలని ఆశపడితే నిరాశే మిగులుతుంది. బరువు మెల్లగా తగ్గుతుంది. తగ్గకపోయినా బి.పి., షుగరు, నిద్ర, మోకాళ్ళు బాగుపడతాయి. తూకం చూసి నడక మానకూడదు.

చర్చించండి

1. మీ అమ్మమ్మ రోజూ చేసిన పనులు ఏవి? అందులో ఇప్పుడు మీరు చేయనివి ఏవి?
2. మీది మూడు రకాల పనుల్లో ఏ రకం?
3. మీ ఊళ్ళో ఆడవాళ్ళు భయం లేకుండా నడవడానికి చోటు ఉందా? లేకపోతే వీధి లైటు కోసం, దారి కోసం పంచాయతీకి ఎవరు అర్జీ రాస్తారు?

లెక్క కట్టండి

1. ఒకామె రోజుకు 20 నిమిషాల చొప్పున వారానికి 5 రోజులు నడిచింది. మొత్తం ఎన్ని నిమిషాలు? 150 కావాలంటే ఇంకా ఎన్ని తక్కువ?
2. రోజుకు అరగంట. నెలలో 20 రోజులు. మొత్తం ఎన్ని గంటలు?

చదవండి, రాయండి

రక్తహీనత, వ్యాయామం, ఆయాసం, అలవాటు, పొదుపులక్ష్మి

ఖాళీలు పూరించండి

1. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ ............ పాడలేకపోవాలి.
2. ఛాతీ నొప్పి వస్తే ............ కి ఫోను చేయాలి.
3. షుగరు ఉన్నవాళ్ళు ............ లేకుండా నడవకూడదు.

మీ పుస్తకంలో రాయండి

రేపు నేను ............ గంటలకు, ............ తో కలిసి, ............ నిమిషాలు నడుస్తాను.